పరుగు పిల్లది, పందెం ఎవరిది?

సావనీరుకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వాళ్లు అడిగితే "నాకు కవిత్వం రాదు, పరిగెత్తడం ఒక్కటే వచ్చు, అదీ మానేశాను" అన్నాను. "అయితే దాని గురించే రాయి" అన్నారు. సరే, రాస్తున్నాను. ఇందులో కొన్ని మాటలు కొందరికి నచ్చకపోవచ్చు. ముఖ్యంగా పొద్దున్నే మన మైదానానికి పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులకూ, వాళ్లకు శిక్షణ ఇచ్చే కోచ్‌లకూ. నచ్చనివాళ్లు నేరుగా వచ్చి అడగొచ్చు. అయిదున్నర నుంచి ఏడింటిదాకా అక్కడే వుంటాను.

దూరాన వున్న పూర్వ విద్యార్థులకు సంగతి తెలియదు గనక నాలుగు ముక్కలు చెప్పాలి. కిందటేడు మన యూనియన్ తీర్మానం చేసి, ప్రిన్సిపాల్ గారిని ఒప్పించి, ఉదయం పూట మైదానం గేటు చుట్టుపక్కల పిల్లల కోసం తెరిపించింది. యూనియన్ చేసిన మంచిపనుల్లో ఇదొకటి. (మిగతావాటి గురించి వేరే వ్యాసం రాయాలి.) మొదట్లో పదిమంది వచ్చేవాళ్లు. ఇప్పుడు యాభైకి తగ్గడం లేదు. ఎనిమిదేళ్ల బుడతల దగ్గర్నుంచి ఇంటర్ చదివే పిల్లలదాకా వున్నారు. ఇద్దరు కోచ్‌లు వస్తున్నారు. ఒకప్పుడు యూనివర్సిటీ జట్టులో ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తాను కాబట్టి స్టాప్‌వాచీ నా చేతిలో పెట్టారు.

స్టాప్‌వాచీ పట్టుకున్నవాడికి పరుగుకంటే మొహాలు బాగా కనిపిస్తాయి. మొన్న ఒక ఉదయం పదకొండేళ్ల పిల్ల రెండు రౌండ్లు పూర్తిచేసి గీత దాటింది. నా చేతిలోని వాచీ వైపు చూడలేదు. తనతో పరిగెత్తిన పిల్లల వైపూ చూడలేదు. మలుపు దగ్గర ఫోను ఎత్తి పట్టుకుని వీడియో తీస్తున్న నాన్న మొహం వైపు చూసింది. ఆయన "కిందటి వారం కంటే మూడు సెకన్లు ఎక్కువ" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. తిట్టలేదు, కొట్టలేదు. మంచివాడే. రోజూ తెల్లారకుండా లేచి, స్కూటర్ మీద అంత దూరం నుంచి కూతుర్ని తీసుకొస్తాడు. కానీ ఆ పిల్ల వేపచెట్టు చాటుకు వెళ్లి వాంతి చేసుకుంది. నేను నీళ్లసీసా పట్టుకెళితే, "నాన్నకి చెప్పకండి అన్నా" అంది.

ఆ మాట దగ్గర్నుంచే నాకు ఈ వ్యాసం మొదలైంది.

ఎవరు ఎవరి దగ్గర్నుంచి ఏం ఆశిస్తున్నారు? తల్లిదండ్రుల్ని అడిగితే తిన్నగా చెప్పరు గానీ, మాటల్లో బయటపడుతుంది. స్పోర్ట్స్ కోటాలో సీటు, సర్టిఫికెట్టు, రేపు పోలీసులోనో రైల్వేలోనో ఉద్యోగం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నేను శ్రీకాకుళం జిల్లా వాణ్ణి. మా వైపు పరుగంటే ఆట కానే కాదు. చీకటి వుండగానే తారురోడ్డు మీద కుర్రాళ్లు గుంపులుగా పరిగెడుతుంటే చూసినవాళ్లెవరూ ఆటల పోటీలనుకోరు. సైన్యంలో ఎంపికకు పదహారు వందల మీటర్లు పరిగెత్తాలి, అదీ సంగతి. ఇంట్లో భూమి లేనివాడికి కాళ్లే భూమి. అలాంటి తండ్రి కొడుకు కాళ్ల మీద ఆశపెట్టుకుంటే తప్పు పట్టడానికి మనమెవరం?

కోచ్‌ల ఆశ వేరు. తన పేరు చెప్పుకునే కుర్రాడు ఒక్కడు తగలాలి. ఒక్క పతకం వస్తే పేపర్లో పేరు పడుతుంది, ఇంకో ఇరవైమంది చేరతారు. ఇది కూడా అర్థం చేసుకోదగ్గదే.

ఇక మూడోవాళ్లు, అంటే పరిగెత్తే వాళ్లు. వాళ్లని ఎవరూ అడిగినట్టు లేదు. నేను అడిగాను. ఒకడు "మా అన్నయ్య వస్తాడని" అన్నాడు. ఇంకొకడు "ట్యూషన్ తప్పుతుందని" అన్నాడు. వాడి నిజాయితీకి మెచ్చుకోవాలి. ఒక అమ్మాయి కాసేపు ఆలోచించి "మలుపు తిరిగేటప్పుడు గాలి చెవుల్లో వినిపిస్తుందన్నా, అది బావుంటుంది" అంది. ఆ మూడో జవాబు కోసమే ఈ మైదానం తెరిచామని నా అభిప్రాయం. సీటూ ఉద్యోగమూ వస్తే రానివ్వండి. అవి రాకపోయినా గాలి వినిపించాలి కదా.

ఎవరైనా పి.టి. ఉష పేరు ఎత్తితే మనకు గుర్తొచ్చేది 1984 లాస్ ఏంజిలిస్. నాలుగు వందల మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరోవంతు తేడాతో కాంస్యం పోయింది; ఆమెది 55.42, మూడో స్థానం అమ్మాయిది 55.41. ఆ నూరోవంతు గురించి మన దేశంలో ఇన్నేళ్లుగా మాట్లాడుకుంటూనే వున్నాం. దాని వెనకున్న ఏళ్ల గురించి మాత్రం మాట్లాడం. ఆమె కన్నూరు స్పోర్ట్స్ స్కూల్లో చేరింది 1976లో, పన్నెండేళ్ల వయసులో. అక్కడే ఆమె మీద ఓ.ఎం. నంబియార్ కన్ను పడింది. పదహారేళ్లకు, 1980లో, మాస్కో వెళ్లి పతకం దరిదాపులకు కూడా వెళ్లలేదు. అప్పుడు ఆ గురువు "ఇక లాభం లేదు" అనుకుని ఇంకో పిల్లను వెతుక్కుని వుంటే లాస్ ఏంజిలిస్ వుండేది కాదు. పన్నెండు నుంచి ఇరవై దాకా ఎనిమిదేళ్లు. మన మైదానానికి వచ్చే తల్లిదండ్రుల్లో ఎనిమిది నెలలు ఓపిక పట్టేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి కథ విద్యార్థులకు ఇంకా దగ్గరిది. తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్లలో, ఆస్పత్రిలో పనిచేసింది. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో వంద మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పూర్తిచేసింది. అప్పటి జాతీయ రికార్డు 13.38, అనురాధా బిశ్వాల్ 2002లో పెట్టింది. అంటే పద్దెనిమిదేళ్ల రికార్డు ఒక స్టూడెంటు కాళ్ల కింద నలిగిపోయింది. కానీ ఆ పరుగును రికార్డుగా ఒప్పుకోలేదు. కారణం, అక్కడ డోపింగ్ పరీక్ష లాంటి నిబంధనలు పూర్తికాలేదట. పిల్ల తన పని తాను చేసింది. పెద్దల పని మిగిలిపోయింది. ఆమె మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టి 2022 మేలో సైప్రస్‌లో 13.23తో రికార్డు రాయించుకుంది. ఆ అక్టోబరులో 12.82 పరిగెత్తింది. పదమూడు సెకన్ల లోపు పరిగెత్తిన మొదటి భారతీయ మహిళ ఆమే. 2023లో ఆసియా చాంపియన్ అయింది. 2020లో ఆ పోటీలు నిర్వహించిందీ మనలాంటి విశ్వవిద్యాలయాలవాళ్లే. ఆ మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వదు.

పెద్దల పని పూర్తిగా గాడి తప్పితే ఏమవుతుందో కూడా చూశాం. 2006 మే నెల ఎండలో ఒరిస్సాలో బుధియా సింగ్ అనే నాలుగేళ్ల పసివాడు పూరీ నుంచి భువనేశ్వర్ వైపు అరవై అయిదు కిలోమీటర్లు పరిగెత్తాడు. ఏడు గంటల పైన పట్టింది. చివరికి నిలబడలేకపోయాడు. జనం రోడ్డు పక్కన నిలబడి చూశారు, టీవీలవాళ్లు వెంట పరిగెత్తారు, రికార్డు పుస్తకంలోకి ఎక్కాడు. తర్వాత ప్రభుత్వం అడ్డుపడి, వాణ్ణి స్పోర్ట్స్ హాస్టల్లో చేర్చింది. పెద్దయ్యాక వాడు అంతర్జాతీయ పరుగువీరుడు ఏమీ కాలేదు. నాలుగేళ్ల వాడికి మారథాన్ అంటే ఏమిటో తెలుసా? రోడ్డు పక్కన చప్పట్లు కొట్టినవాళ్లకు మాత్రం తెలుసు.

ఇంకా దగ్గరి కాలానికి వద్దాం. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు డోపింగ్ పరీక్ష చేసే అధికారులు వచ్చారన్న వార్త పొక్కింది. వంద మీటర్ల ఫైనల్‌కు ఎనిమిదిమంది రావాలి. ఒక్కడు వచ్చాడు. ఒక్కడే పరిగెత్తి ఒక్కడే గెలిచాడు. స్టేడియం మరుగుదొడ్లలో వాడేసిన సిరంజీలు దొరికాయి. జూనియర్ల స్టీపుల్‌చేజ్‌లో ఒక అమ్మాయి గీత దాటాక కూడా ఆగకుండా పరిగెత్తుతూనే పోయిందట, పరీక్ష చేసేవాళ్లకు దొరక్కుండా. పేపర్లో చదివి మనవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ సూది ఆ పిల్ల తనంతట తానే కొనుక్కుందా? ఎవరో తెచ్చారు, ఎవరో డబ్బిచ్చారు, ఎవరో చూసి చూడనట్టు వూరుకున్నారు.

చూసి చూడనట్టు వూరుకోవడం గురించి నాకు బాగా తెలుసు. అది చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే దొంగతనమవుతుంది.

2014లో మా జిల్లాలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు ఆరు వందల మీటర్ల పోటీ జరిగింది. నేను మొదట వచ్చాను. అప్పటికి నా వయసు పదిహేను దాటింది. నా పుట్టుక పంచాయతీలో నమోదు కాలేదు. మా క్లబ్బు కోచ్ గారు ఆలస్యపు నమోదు కింద కొత్త సర్టిఫికెట్టు తెప్పించి, రెండేళ్లు తగ్గించి, దాంతోనే నన్ను కొత్త బడిలో చేర్పించారు. ఆయన చెడ్డవాడు కాదు. నా మొదటి బూట్లు ఆయన జీతంలోంచి కొన్నవే. "అందరూ చేస్తున్నదే, మనం చెయ్యకపోతే మన పిల్లాడే నష్టపోతాడు" అన్నారు మా నాన్నతో. నాన్న ఆలోచించి తలూపాడు. అమ్మ మాత్రం "పుట్టిన రోజు కూడా అబద్ధమేనా అయ్యా?" అంది. ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా.

ఆ పందెంలో రాష్ట్ర పోటీలకు ఇద్దర్ని తీసుకున్నారు. రెండోవాడు మా క్లబ్బువాడే, వాడి సర్టిఫికెట్టూ నా సర్టిఫికెట్టు లాంటిదే. మూడోవాడు చెప్పుల్లేని కాళ్లతో పరిగెత్తిన చిన్న కుర్రాడు. నా భుజం దాకా కూడా రాడు. వాడు నిజంగానే పదమూడేళ్ల వాడు. గీత దాటి కింద కూలబడితే వాళ్ల నాన్న వచ్చి చెయ్యిపట్టి లేపి, "మనకి రాదులేరా ఇది, పద" అన్నాడు. ఆ మాట నాకు వినపడేంత దగ్గర్లో వున్నాను, మెడలో పతకంతో. తర్వాత వాణ్ణి ఏ మైదానం మీదా చూడలేదు. ఆ రోజు ఆ పందెం నిజానికి గెలిచినవాడు వాడే. వాడికి పరుగు రాదని వాడి నాన్నకు చెప్పింది మాత్రం నేను.

నాకు దక్కిందేమిటో కూడా చెప్పాలి. మూడేళ్లు పతకాలే పతకాలు. ఒకసారి జాతీయ పోటీలకు ముందు మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారని తెలిసింది. కాలు బెణికిందని చెప్పి ఇంట్లో పడుకున్నాను. (చెయ్యి చూస్తారంటే కాలు బెణకడం మా క్లబ్బులో మామూలే.) తర్వాత నిజంగా నాకంటే చిన్నవాళ్లంతా పెరిగి పెద్దవాళ్లయ్యారు. వాళ్ల కాళ్లు నా కాళ్లంత అయ్యాయి. రెండేళ్ల అప్పు తీరిపోయాక నేను అందరిలాంటివాణ్ణే. యూనివర్సిటీ జట్టులోకి వచ్చేసరికి హీట్స్ దాటడమే గగనమైంది. వయసు తగ్గించి గెలిపించిన పిల్లవాడికి పరుగు నేర్పరు. పొడుగ్గా వున్నాడు కదా, గెలుస్తున్నాడు కదా అని వదిలేస్తారు. ఇప్పుడు నా పదో తరగతి సర్టిఫికెట్టులో వున్న తేదీ నాది కాదు. ఉద్యోగం వస్తే ఆ తేదీతోనే చేరాలి, ఆ తేదీతోనే రిటైరు కావాలి.

అందుకని యూనియన్ వారికి ఒక ప్రతిపాదన పెట్టాను. మన మైదానంలో పేరు రాయించుకునే ప్రతి పిల్లకూ ఒక కాగితం, దాని మీద మూడు సంతకాలు. ఎవరెవరు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ముందే రాసి వుంటుంది.

కోచ్‌ల వైపు గట్టిగా రాశాను, ఎందుకంటే అధికారం వాళ్ల చేతిలో వుంది. పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదు. నలుగురిలో ఆడపిల్లల బరువు గురించి, ఒంటి గురించి మాట్లాడకూడదు. మాలిష్ పేరుతో, మాటల పేరుతో ఏ పిల్లనూ ఒంటరిగా గదిలోకి పిలవకూడదు. తలుపు తెరిచే వుండాలి, ఇంకో పెద్దమనిషి వుండాలి. పిల్లల మీద లైంగిక అత్యాచారాల గురించి 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, తెలిసి కూడా చెప్పకపోవడం నేరమేనన్నది అందరం గుర్తుపెట్టుకోవాలి. పరుగు మధ్యలో నీళ్లు తాగితే కడుపులో పట్టేస్తుందన్న పాతకాలపు మాట మానాలి. వైశాఖంలో దాహం అడిగిన పిల్లకు నీళ్లివ్వనివాడు గురువు కాదు. నెలసరి రోజుల్లో ఆడపిల్ల "ఇవాళ వద్దు సార్" అంటే కారణం అడక్కూడదు. మన దేశంలో పదిహేను నుంచి పందొమ్మిదేళ్ల అమ్మాయిల్లో సగం మందికి పైగా రక్తహీనత వుందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. పిల్ల వెనకబడితే బద్ధకమని అనేముందు రక్తపరీక్ష చేయించమని ఇంట్లో చెప్పాలి. పద్నాలుగేళ్ల లోపు పిల్లను ఒక్క అంశానికే కట్టేయకూడదు. పరిగెత్తనివ్వాలి, దూకనివ్వాలి, విసరనివ్వాలి. జిల్లా స్థాయి నుంచి జాతీయ పోటీల దాకా చిన్నపిల్లలకు మూడు అంశాలు కలిపి పెట్టే పద్ధతి వచ్చింది కూడా ఇందుకే. ఇక డబ్బు. ఫీజెంతో మొదటి రోజే చెప్పాలి. పతకం ఇప్పిస్తానని మాత్రం ఎవరికీ మాటివ్వకూడదు.

ఇది చదివి మా లెక్చరరుగారొకరు "ఇంత మెత్తగా వుంటే క్రమశిక్షణ ఎక్కడ్నుంచి వస్తుందయ్యా?" అన్నారు. వానలో కూడా అయిదున్నరకు గేటు దగ్గర నిలబడే కోచ్‌ని చూసి వస్తుంది మాస్టారూ. చెంపదెబ్బకు ఒక్క సెకను చాలు. పదేళ్లపాటు వేళకు రావడమే కష్టం.

తల్లిదండ్రుల వైపు నేను రాసింది చాలామందికి కోపం తెప్పించింది. పిల్లల్ని దింపి పెవిలియన్ మెట్ల మీద కూర్చోవాలి; మలుపు దగ్గర నిలబడి "లాగు, లాగు" అని అరవకూడదు. కోచ్ ఒకటి చెబుతుంటే తండ్రి ఇంకొకటి అరిస్తే పిల్ల ఎవరి మాట వింటుంది? ఫోను జేబులో వుండాలి. వీడియోలు చూసి ఇంట్లో రాత్రిపూట పంచనామా చెయ్యకూడదు. బజార్లో దొరికే పొడులూ మాత్రలూ డాక్టరు చెప్పకుండా కొనిపెట్టకూడదు. గుడ్డు, పప్పు, వేరుశనగ పప్పుండ ఇవన్నీ పొడులకంటే చవక, అనుమానం లేనివి. పక్కింటి పిల్లతో పోలిక వద్దు. ఇంటికెళ్లే దారిలో స్కూటర్ మీద టైము అడగొద్దు. ఆకలేస్తోందా అని అడగండి. అన్నిటికంటే కష్టమైనది: పిల్ల ఒకరోజు "ఇక మానేస్తాను నాన్నా" అంటే మానెయ్యనివ్వాలి. ఒక ఏడాది తర్వాత తానే తిరిగి రావచ్చు, రాకపోవచ్చు.

పిల్లల వైపు తక్కువే రాశాను. వేళకు రావాలి. నొప్పి వుంటే దాచకుండా చెప్పాలి. ఓడితే పక్కవాడి చెయ్యి పట్టుకుని కలపాలి, గెలిచినా అంతే. పరుగయ్యాక హర్డిల్స్ మోసుకెళ్లి గదిలో పెట్టడం అందరి పని, ఆఖర్న వచ్చినవాడి పని కాదు. సూదీ మాత్రా ఎవరిచ్చినా, కోచ్ ఇచ్చినా సరే, వద్దనాలి. పుట్టినతేదీ నిజం చెప్పాలి.

ఆ ఆఖరి వాక్యం దగ్గర ఒక యూనియన్ మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. "అది పిల్లల వైపు ఎందుకు? వాళ్లకేం తెలుసు? తల్లిదండ్రుల వైపు పెట్టు" అన్నాడు. చాలాసేపు వాదించుకున్నాం. వాడన్నది న్యాయమే. కానీ నాకు తెలుసు గదా, పదిహేనేళ్ల వాడికి తెలుస్తుంది. అందుకని రెండువైపులా పెట్టాం.

తీర్మానం వచ్చేనెల సభకు వస్తుంది. గెలుస్తుందని చెప్పలేను. ఇంత పట్టింపు పెడితే పిల్లలు వేరే మైదానాలకు పోతారని ఒక కోచ్ గారి భయం. పోవచ్చు. నిరుడు ఇక్కడే వయసు తగ్గించిన కాగితంతో ఒకాయన కొడుకుని తీసుకొచ్చాడు. నేను పేరు రాసుకోనంటే నాలుగు మాటలని వెళ్లిపోయాడు. ఆ కుర్రాడు గేటు దాటేదాకా వెనక్కి తిరిగి ట్రాకు వైపు చూస్తూనే వున్నాడు. వాణ్ణి పంపించడం సరైన పనేనా అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కాగితం తప్పు, పిల్లాడిది కాదు కదా. అసలు వయసుతో రమ్మని రెండుసార్లు కబురుపెట్టాను.

నమూనా కాగితం యూనియన్ ఆఫీసులో బల్ల మీద వుంది, ఎవరైనా చూడొచ్చు. ఎలా నింపాలో తెలియడానికి మొదటిది నా పేరు మీదే నింపాను. పుట్టినతేదీ గడిలో అమ్మ చెప్పిన తేదీ రాశాను.